తారామణి కిటికీని మింగిన మొక్క

నాచారంలో ఒక మొక్క ఒక మనిషిని మింగేసింది. కుట్టుమిషన్‌తో సహా, కాలి మెట్టెలతో సహా మింగేసింది.

సరే, మింగేసిందన్న మాట కొంచెం ఎక్కువే. మెట్టెల జోలికి పోలేదు. మిషన్‌ను నోట్లో పెట్టుకుంది గాని, రుచి నచ్చక వంటింట్లోకి ఉమ్మేసింది. మనిషిని మాత్రం ఏడాది పైగా దవడన పెట్టుకుని చప్పరించింది. ఇందులో అబద్ధం లేదు. ఉంటే గింటే గోరంత.

ఆ మనిషి పేరు తారామణి. ఊరు జనగామ దగ్గర. మొగుడు నరేందర్‌ది నాచారంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఈవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. బోట్ నెక్కు, పాట్ నెక్కు, వీపు మీద కిటికీ పెట్టి దానికి తలుపులా గుండీ పెట్టే కొత్త రకాలు, అన్నీ కుడుతుంది. గల్లీలో ఎవరు పెళ్ళయ్యాక ఒళ్ళు చేశారో, ఎవరు బెంగతో చిక్కిపోయారో ముందు ఆమె టేపుకు తెలిసేది, తర్వాతే వాళ్ళ అత్తలకు తెలిసేది.

వాళ్ళది కింది పోర్షన్. రెండు గదులు, ఒక వంటిల్లు. వెలుతురు వచ్చే దారి ఒకటే, ముందు గది ఈశాన్యం మూలన తూర్పు కిటికీ. మిగతా మూడు వైపులా పక్కిళ్ళ గోడలు చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా నిలబడి ఉంటాయి. ఆ కిటికీ కిందే మిషన్. బయటివాళ్ళకు అది ఉత్త కిటికీ. తారామణికి మాత్రం అది సూదీ కత్తెరల్లాగే ఒక పనిముట్టు. గంధం రంగుకూ మీగడ రంగుకూ తేడా ట్యూబులైటు కింద తెలియదు. తప్పు దారంతో కుట్టిన జాకెట్టు ఇంట్లో అద్దం ముందు బాగానే ఉంటుంది, పెళ్ళి పందిట్లో ఎండ తగలగానే బండారం బయటపెడుతుంది. అక్కడ తిట్టేది పెళ్ళికూతురు, ఇక్కడ పొలమారేది దర్జీకి. అందుకని దారం ఎంచాలంటే తారామణి కిటికీ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఆ వెలుగే ఆమె అన్నం.

పై అంతస్తులో ఇంటివాళ్ళు. శ్యామలాదేవిది తెనాలి. ఆవిడ భర్త రామచంద్రరావు గారు రిటైరైన గుమస్తా. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ ఏ ధ్యాసలో ఉన్నాడో గాని, పైన సరిగ్గా ఈశాన్యం మూలన బాత్‌రూమ్ కట్టి వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక వాస్తు ఆయన కాఫీకి వచ్చాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయి, "అయ్యయ్యో" అన్నాడు. ఆ మాటతో శ్యామలాదేవికి నిద్ర పోయింది. బాత్‌రూమ్ పగలగొట్టడం కుదరదంటే ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని ఉపాయం చెప్పాడు: కింది పోర్షన్‌లో అదే మూలన, ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండే పచ్చటి వస్తువు ఏదైనా పెడితే పై దోషం కిందికి దిగి, చల్లబడి పోతుందట.

పచ్చగానూ ఉండాలి, నీళ్ళూ నిలవాలి. అలాంటి వస్తువు ఎక్కడ దొరుకుతుందని ఆవిడ వెతుక్కుంటూ ఉప్పల్‌లో వరంగల్ రోడ్డు పక్కన బుచ్చిబాబు నర్సరీకి చేరింది. బుచ్చిబాబుది కడియం. మొక్కలూ మాటలూ రెండూ అక్కణ్ణుంచి లారీలో తెచ్చుకున్నాడు.

"మీకోసమే వచ్చిందండి ఈ మొక్క. బ్రొమీలియాడ్ అంటారండి. అనాసపండు కులపుదండి ఆయ్. నడిమధ్యన గ్లాసులా ఉంది చూశారా, నీళ్ళు వేళ్ళకు పోయక్కర్లేదండి, ఆ గ్లాసులో పోస్తే చాలు. చెట్టూ తనే, చెరువూ తనే."

"పెరుగుతుందా?"

"ఇంట్లో పెట్టుకునేదండి. ఏం పెరుగుతుంది, జానెడు."

అలా అది ఉగాదినాడు తారామణి కిటికీలోకి వచ్చి కూర్చుంది.

"మా కిటికీల ఎందుకు ఆంటీ?" అంది తారామణి. "పైన మీకు బాల్కనీ ఉన్నది గద."

"బాల్కనీ నైరుతి అమ్మా. నైరుతిలో నీళ్ళు పెడితే ఇంటాయనకు గండం. నీకేం అడ్డం చెప్పు, జానెడు మొక్క. కదపకు, కొయ్యకు, ఆ గ్లాసు ఎండనివ్వకు. అంతే."

అద్దెకున్నవాళ్ళకు 'అంతే' అన్న మాట ఎంత బరువో తారామణికి తెలుసు. సరేనంది.

వారం తిరక్కుండా అద్భుతం జరిగింది. రామచంద్రరావు గారు సిగరెట్లు మానేశాడు. ముప్పై ఏళ్ళు పోరినా మాననివాడు, ఒక్క మొక్క ఈశాన్యంలో కూర్చోగానే మానేశాడని శ్యామలాదేవి గల్లీ గల్లీకీ చెప్పింది. అసలు సంగతి ఏమిటంటే, వాస్తు ఆయన చెప్పిన గండానికి భయపడి భార్య మళ్ళీ పోరు మొదలుపెడుతుందని, ఆయన తన పొగను ఇంటి వెనక నుంచి బస్టాపు దగ్గరి టీకొట్టు వెనక్కి బదిలీ చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా సోంపు నమిలేవాడు. ఇది గల్లీ అంతటికీ తెలుసు, ఆవిడకు తప్ప.

ఒకరోజు ఆయన తారామణి గుమ్మం ముందు ఆగి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మొక్క ఎలా ఉంది?"

"నాకంటే మంచిగున్నది అంకుల్."

"దాన్ని మాత్రం కదపకు తల్లీ. అది అక్కడ ఉన్నప్పటి నుంచీ మీ ఆంటీ నా చొక్కా వాసన చూడటం మానేసింది."

ఇలా పైనుంచి ఇద్దరూ ఆ కుండీ మీద కూర్చున్నారు.

ఇక అది పెరిగింది. జానెడు అన్నది మూరెడయింది. వానలు పడేసరికి మూరెడు దాటి, దసరాకు బారెడయింది. పొడుగ్గా పెరిగితే ఒక దారి, ఇది వెడల్పుగా పెరిగింది. ఆకులు చుట్టూ కత్తుల్లా విచ్చుకుని, అంచులకు రంపం పళ్ళు పెట్టుకుని, కిటికీ చట్రం నిండా ఆక్రమించుకుంది. మిషన్ మొదట ఒక బెత్తెడు జరిగింది. తర్వాత మంచం వైపు. ఆ తర్వాత తలుపు వెనక్కి. తలుపు తీసినప్పుడల్లా తారామణి మోచేతికి గొళ్ళెం తగిలేది. చివరికి గ్యాసు పొయ్యి పక్కకు చేరింది. ఒకవైపు పప్పు ఉడుకుతుంటే ఒకవైపు పట్టు జాకెట్టు. పప్పు పొంగితే జాకెట్టు మీద పడుతుందని, జాకెట్టు జారితే పప్పులో పడుతుందని, రెండు చేతులకూ రెండు భయాలు.

ముందు గదిలో నడవాలంటే గోడకు ఆనుకుని పక్కకు తిరిగి నడవాలి. నరేందర్ రాత్రి షిఫ్టు దిగి వచ్చి, నిద్రమత్తులో ఎదురుగా నడిచేవాడు. భుజాల నిండా గీతలు. ఫ్యాక్టరీలో తోటివాళ్ళు చొక్కా మార్చుకునే చోట చూసి వదిలిపెట్టలేదు.

"ఏంది బావ, ఇంట్ల మస్తు లొల్లి నడుస్తున్నట్టుంది?"

"నా భార్య గాదురా. చెట్టు."

"అవునవును. మా ఇంట్ల గూడ చెట్టే. మొన్న అప్పడాల కర్రతోటి కొట్టింది."

తారామణి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముందు నీళ్ళు తగ్గించి చూసింది. శ్యామలాదేవి పొద్దున్నే పూజ కాగానే కిందికి దిగి, గ్లాసులో వేలు ముంచి చూసేది. తడి తగలకపోతే "ఏమ్మా?" అనేది. ఆ ఒక్క 'ఏమ్మా' చాలు. పైగా తన చేత్తో బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోసేది. తాగినకొద్దీ అది బలిసింది.

తర్వాత జడ వేసింది. నిజంగానే. లంగా నాడాతో ఆకులన్నిటినీ పైకి ఎత్తి, దగ్గరకు లాగి, ముడివేసింది. కిటికీలోంచి చాటెడు వెలుగు వచ్చింది. ఆ రోజు ఆమె కుట్టిన పైపింగు గీత గీసినట్టు వచ్చింది.

"ఏమిటిది తారామణీ? మొక్కకు జడ వేశావా?"

"ఎదిగిన పిల్ల గద ఆంటీ. జుట్టు ఇరబోసుకొని కిటికీల కూసుంటే మంచిగుంటదా?"

"వేళాకోళాలు చాల్లే. విప్పు. ఊపిరాడక చస్తుంది."

విప్పింది. విప్పగానే ఒక ఆకు విసురుగా వచ్చి ఆమె చెంప మీద కొట్టింది.

ఆకుల కొసలు గోధుమరంగు తిరిగితే కత్తిరించవచ్చని ఎవరో చెప్పారు. తారామణి ఆ సందు చూసుకుని ఎండిన కొసలతో పాటు పచ్చటివి కూడా రోజుకు కొంచెం కొంచెం కత్తిరించడం మొదలుపెట్టింది. గుడ్డ పీలికలు ఊడకుండా కోసే జిగ్‌జాగ్ కత్తెర చేతిలో ఉంటే అదే వాడింది. వారానికి ఆకులన్నీ సొగసైన అంచులతో, అంగడిలో శాంపిల్ ముక్కల్లా తయారయ్యాయి. శ్యామలాదేవి వాటిని చూసి తెగులనుకుని, ఏఎస్ రావు నగర్ దాకా వెళ్ళి మందు కొనుక్కొచ్చి కొట్టించింది. ఆ మందు వాసనకు నరేందర్‌కు దగ్గు పట్టుకుంది. చెట్టుకు మాత్రం కొత్త ఆకులు వచ్చాయి.

ఇదంతా నవ్వుకునే సంగతే, సంతోషి నిశ్చితార్థం వరకు. సంతోషి పక్క గల్లీ పిల్ల. గంధం రంగు పట్టుజాకెట్టు ఇచ్చింది. తారామణి వంటింట్లో, ట్యూబులైటు కింద, కళ్ళు చికిలించి దారం ఎంచింది. నిశ్చితార్థం డాబా మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో జరిగింది. ఫోటోల్లో చంకల కింద మీగడ రంగు కుట్టు చీమల బారులా కనిపించింది. సంతోషి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాతి నాలుగు జాకెట్లు హెచ్‌ఎంటీ నగర్‌లో కొత్తగా తెరిచిన షాపులో ఇచ్చింది. ఆమె వెనకే ఆమె వదిన, వదిన వెనకే వదిన చెల్లెలు.

"ఇల్లు మారుదాం తియ్," అన్నాడు నరేందర్.

"మారుదాం. మన కస్టమర్లను గూడ ఆటోల ఏసుకొని పోదామా?" అంది తారామణి. ఇల్లు మారిన దర్జీని వెతుక్కుంటూ ఎవరూ రారు. ఉంటే వెలుగు లేదు, పోతే జనం లేరు. ఆ రాత్రి ఆమె మంచం మీద పక్కకు తిరిగే పడుకుంది. అలవాటైపోయింది.

మర్నాడు షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ వెళ్ళి, బుచ్చిబాబు ముందు నిలబడింది.

"అన్నా, జానెడన్నవట?"

"అన్నానండి. జాతి చూసుకోలేదండి. అందులో పెద్ద జాతి ఒకటి ఉంటదండి."

"ఇప్పుడు దాన్ని ఆపేదెట్ల?"

"చిన్న కుండీలో ఉంచాలి, ఎరువు పెట్టకూడదు. అయినా మీరు చెప్పేదాన్ని బట్టి ఆ దశ దాటిపోయిందండి. ఇక ఒక్కటే దారి. పూత రావాలండి. ఈ కులం మొక్క జన్మలో ఒక్కసారే పూస్తదండి. పూసిందా, ఇక ఎదగదు. కింద నాలుగు పిలకలు వేసి, తల్లి మెల్లగా ఏడాదికో రెండేళ్ళకో పోద్దండి."

"పూత ఎప్పుడొస్తది?"

"దాని ఇష్టమండి. మనకు తొందరైతే చిన్న కిటుకు ఉంది. గ్లాసులో నీళ్ళు పూర్తిగా ఒంపేసి, బాగా మాగిన ఆపిల్ పళ్ళు పక్కన పెట్టి, మొత్తం ప్లాస్టిక్ కవరుతో మూసెయ్యాలండి. వారం పది రోజులు. మాగిన పండు గాలి తగిలితే దానికి పూత బుద్ధి పుడతదండి."

తారామణి రెండు మూడుసార్లు అడిగి రూఢి చేసుకుంది. కిటుకు బాగుంది. అడ్డమల్లా శ్యామలాదేవి వేలే. వారం పది రోజులు ఆ గ్లాసు ఎండబెట్టడం ఎలా?

దేవుడు మాఘమాసంలో తలుపు తీశాడు. శ్యామలాదేవి అన్న కూతురి పెళ్ళి తెనాలిలో. పదహారు రోజుల పండుగ దాకా ఉండి గాని రానంది. రామచంద్రరావు గారిని మొక్కకు కాపలా పెట్టి వెళ్ళింది. రోజూ పొద్దున్నే ఫోన్ వస్తుంది, ఆయన కిందికి దిగి వేలు ముంచి జవాబు చెప్పాలి.

మొదటిరోజే ఆయన దిగేసరికి, ముందు గదిలో పరుపు కవరు కప్పుకుని ఒక కొండ ఉంది. లోపల ఆపిల్ పళ్ళు చెమటలు పడుతున్నాయి.

"ఇదేమిటమ్మా?"

"ఏం లేదంకుల్. దోమలు."

"దోమలకు ఆపిల్ పళ్ళు పెడతారా?"

తారామణి కవరు అంచు కిందికి సర్దింది. "అంకుల్, మీ చొక్కాకు పొగ వాసన నాకు రాలే. మీకు గీ కవరు కనవడలే. సరేనా?"

రామచంద్రరావు గారు జేబులో సోంపు పొట్లం తడుముకున్నాడు. ఫోన్ మోగింది. "ఆఁ, తడిగానే ఉంది," అన్నాడు, ఆరుబయట నిలబడి. ఆ రెండు వారాలు ఆయన టీకొట్టు దాకా వెళ్ళకుండా ఇంటి వెనకే కాల్చుకున్నాడు. అంత సుఖం ఆయన పెళ్ళయ్యాక ఎరగడు.

బుచ్చిబాబు మాట ఈసారి తప్పలేదు. ఎండలు ముదిరేసరికి గ్లాసు నడుమ నుంచి ఎర్రటి మొన ఒకటి తల ఎత్తింది. ఆగకుండా లేచి, నిగనిగలాడే ఎర్రటి రేకులు కట్టుకుని, కిటికీ పై ఊచ దాకా నిలబడింది. ఆకుల పెరుగుదల ఆగిపోయింది. తారామణి టేపు పెట్టి కొలిచి చూసుకుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు. ఆ పూట మొగుడికి పాయసం వండి పెట్టింది.

పాయసం గిన్నె కడగకముందే కిటికీ దగ్గర శ్యామలాదేవి కేక వినిపించింది. "ఏమండీ! అమ్మవారు వెలిసిందండీ!"

శ్యామలాదేవి కుండీకి పసుపు రాసింది. ఆకు ఆకుకూ కుంకుమ బొట్టు పెట్టింది. ఇక దాన్ని కొయ్యడం అన్న మాటే లేదు. పసుపు కుంకుమ పెట్టిన చెట్టు మీద కత్తెర పెట్టేవాళ్ళు ఉంటారా? నాడా కట్టేవాళ్ళు ఉంటారా? శుక్రవారం శుక్రవారం పేరంటం మొదలైంది. రామంతాపూర్ నుంచి, నాగారం నుంచి కూడా ముత్తైదువలు వచ్చారు. ముందు గదిలో చాప పరిచి, చెట్టు ముందు కూర్చుని పాటలు పాడేవారు. గ్లాసులో నీళ్ళు తీర్థమని ఉద్ధరిణెతో ఇస్తుంటే, నరేందర్ ఒకసారి అడ్డం వెళ్ళి, "అందుల దోమపిల్లలుంటయి ఆంటీ," అన్నాడు. "తీర్థాన్ని పట్టుకుని అవేం మాటలు," అని గద్దించారు అందరూ.

తారామణి వంటింట్లో మిషన్ పక్కన ఒదిగి కూర్చుని, వచ్చినవాళ్ళకు కాఫీలు కలిపేది. తన ఇంట్లో తనే పేరంటానికి వచ్చినట్టు ఉండేది. మిషన్ చప్పుడు చేయకూడదని ఆజ్ఞ. కొన్నాళ్ళకు శుక్రవారాలకు మంగళవారాలు కూడా కలిశాయి. పెరగకుండా ఆపాననుకున్న చెట్టు, మనుషుల రూపంలో పెరిగింది.

ఆషాఢంలో అసలు భయం పట్టుకుంది. అడుగు ఆకులు రెండు పసుపు తిరిగాయి. పసుపు రాసిన పసుపు కాదు, చావు పసుపు. బుచ్చిబాబు చెప్పిందే. తల్లి పోతోంది. పోతే? 'అమ్మవారు మా ఇంట్లో వెలిసింది, ఆ కింది పోర్షన్‌దాని చేతిలో చచ్చింది' అంటుంది శ్యామలాదేవి. ఆ మాట అన్నాక ఆ ఇంట్లోనే కాదు, ఆ నాలుగు గల్లీల్లో ఎక్కడా తారామణికి జాకెట్టు ముక్క ఇచ్చేవాళ్ళుండరు. ఇంతవరకూ చెట్టు బతికి ఉందని ఏడ్చిన మనిషి, ఇప్పుడు అది చస్తుందేమోనని రోజూ లేచి చూసుకోవడం మొదలుపెట్టింది.

దానికి తోడు పిలకలు. తల్లి మొదట్లో చుట్టూ అరడజను దాకా, బొద్దుగా, పిల్లరంపాలతో లేచాయి. శ్యామలాదేవి మురిసిపోయి, తనే కుండీలు తెచ్చింది.

"ఒక్కొక్కదాన్నీ వేరుచేసి నాటు తారామణీ. కిటికీలో ఒకటి, గుమ్మంలో రెండు, వంటింట్లో ఒకటి, మీ పడకగదిలో..."

"పడకగదిల గూడనా?"

"సంతానలక్ష్మి అమ్మా!"

తారామణి పిలకలన్నీ వేరుచేసి శ్రద్ధగా నాటింది. ఆ సాయంత్రం నరేందర్‌తో, "శ్రావణంల నేను గూడ పేరంటం చేస్త," అంది.

"నీకేం పుట్టింది? ఉన్న పేరంటాలు చాలయా?"

"వాయనం ఇస్త."

నరేందర్‌కు అర్థం కాలేదు. ఆమె విప్పి చెప్పలేదు.

శ్రావణ శుక్రవారం గది నిండిపోయింది. తారామణి కొత్తచీర కట్టుకుని, అందరి పాదాలకూ పసుపు రాసి, నానబెట్టిన శనగలు, తాంబూలం, తన చేత్తో అంచు కుట్టిన జాకెట్టు ముక్క పెట్టి, పిలకలు ఉన్నంతవరకు ఒక్కొక్కరికీ ఒక్కొక్క కుండీ అందించింది.

"ఇస్తినమ్మా వాయనం."

"పుచ్చుకుంటినమ్మా వాయనం."

అమ్మవారి పిల్ల తమ ఇంటికి వస్తుంటే ఎవరు కాదంటారు? కొంగులు చాపి, కళ్ళకద్దుకుని తీసుకున్నారు. శ్యామలాదేవి నోరు తెరిచింది గాని, అంతమంది సంతోషంలో ఆ నోరు ఎలా వాడాలో తెలియలేదు. చివరి పిలక కూడా పోయాక తారామణి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టింది.

"ఈ ఇంటికి పెద్ద ముత్తైదువ మీరు ఆంటీ. పెద్ద వాయనం మీదే." చెయ్యి చెట్టు వైపు చాపింది. "ఇస్తినమ్మా వాయనం."

ఒళ్ళో కుండీలతో సహా అందరూ అటు తిరిగారు.

"అదేమిటి? అది నాదేగా!" అంది శ్యామలాదేవి. "నాది నాకు వాయనం ఏమిటి?"

"అమ్మవారు ఎవలదన్న అయితదా ఆంటీ?"

"వాస్తు... కింద ఈశాన్యంలోనే ఉండాలి..."

రామంతాపూర్ నుంచి వచ్చిన ముత్తైదువ, ఆ గదిలోకెల్లా పెద్దావిడ, ఒత్తులు చేస్తున్న చెయ్యి ఆపింది. "ఇచ్చిన వాయనం వద్దంటే దోషం బిడ్డా. తీసుకున్నది గడప దాటాలె. లచ్చిందేవి నీ ఇంటికొస్త అంటుంటే దిక్కులడుగుతవా?"

అందరూ శ్యామలాదేవి వైపు చూశారు. తారామణి ఇంకోసారి, గట్టిగా అంది: "ఇస్తినమ్మా వాయనం."

"పుచ్చుకుంటినమ్మా..." అంది శ్యామలాదేవి.

నరేందర్ ఒకవైపు, పైనుంచి పరిగెత్తుకుంటూ వచ్చిన రామచంద్రరావు గారు ఒకవైపు కుండీ ఎత్తారు. వాయనం మీద కొంగు కప్పాలి కదా, శ్యామలాదేవి తన కంచిపట్టు కొంగు చాపి చెట్టు మీద వేసింది. మెట్లు సన్నం. మలుపు దగ్గర చెట్టు ఒకవైపు తిరిగింది, ఆవిడ ఒకవైపు తిరిగింది. రంపం పళ్ళు కొంగును పట్టుకున్నాయి. లాగితే చిరుగుతుంది, వదిలితే జారిపోతుంది. ఆవిడ అటూ ఇటూ కదల్లేక, చెట్టుకూ గోడకూ మధ్య, మెట్ల మీద ఇరుక్కుపోయింది. పై మెట్టు మీద మొగుడు ఆయాసపడుతున్నాడు. అంత దగ్గర నుంచి ఆయన ఊపిరి ఆవిడ ముఖానికి కొట్టింది. ఆవిడ ముక్కు ఒక్కసారి అదిరింది. ఆ సంగతి తర్వాత తేల్చుకుందామని వదిలిపెట్టింది.

"తారామణీ! కత్తెర! ఆ ఆకు కొయ్యి!"

తారామణి కత్తెర పట్టుకుని కింది మెట్టు మీద నిలబడింది. "కొయ్యమంటరా ఆంటీ? పసుపు కుంకుమ పెట్టిన చెట్టును?"

"కొయ్యమన్నానుగా! నా చీర!"

"అందరు ఇన్నరా?" అని తారామణి వెనక్కి చూసింది. ముత్తైదువలందరూ విన్నారు. ఆమె ఆకును మొదట్లో పట్టుకుంది. ఏడాది పైగా తన చెంపా, మొగుడి భుజాలూ గీరిన ఆకు. ఒక్కటే కోత. పట్టు జాకెట్టు చెయ్యి వేరుచేసినంత నున్నగా కోసింది.

ఇప్పుడు ఆ చెట్టు పైన, హాల్లో, టీవీకి సగం అడ్డంగా ఉంది. రామచంద్రరావు గారు వార్తలు వినడమే గాని చూడటం లేదంటారు. ఆకులు ఒక్కొక్కటే గోధుమరంగు తిరుగుతున్నాయి, శ్యామలాదేవి ఒక్కొక్కటే కోసి, ఎవరూ చూడకుండా చెత్తబండిలో వేస్తోంది. కింద మిషన్ కిటికీ దగ్గరికి తిరిగి వచ్చింది. తారామణి మాత్రం ఇప్పటికీ ముందు గదిలో అప్పుడప్పుడు గోడకు ఆనుకుని, పక్కకు తిరిగి నడుస్తుంది. ఎదురుగా ఏమీ ఉండదు.

మొన్న సంతోషి పెళ్ళిజాకెట్టు పట్టుకుని వచ్చింది. టేపుకు చేతులెత్తి నిలబడి, ఈ కథంతా ఎవరి దగ్గరో విన్నానని, నిజమేనా అక్కా అని అడిగింది. పైన మెట్ల మీద శ్యామలాదేవి చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. తారామణి పళ్ళ మధ్య ఉన్న సూది తీసింది.

"ఎవలు జెప్పిన్రు? గదంత ఉత్తదే. గసొంటి చెట్టు మా ఇంట్ల ఎన్నడు లేదు. ఆంటీ తెనాలి పోనేలే. నేను ఎవలకు వాయనం ఇయ్యలే, ఏ ఆకు కొయ్యలే. అంకుల్ సిగరెట్ తాగనే తాగడు. చెప్పినోనికి పనిలేదు, నీకు గూడ లేనట్టుంది."